ఉప్పులేని సముద్రంలో ముసలి డ్రాగన్

పేరు లెంపి. ఇంటిపేరు కంగాస్. పేరులో లెంప ఉందన్నమాటే గానీ, అరవై ఏళ్ళ బతుకులో ఎవరి ముందూ లెంపలేసుకున్న పాపాన పోలేదు. మా పెద్దవాళ్ళు ఫిన్లాండు నుంచి మోసుకొచ్చిన భాషలో ఆ మాటకి ముద్దులపట్టి అని అర్థం. చెల్లెలి పేరు హిల్యా. అంటే నిశ్శబ్దం. పిల్లలకి పేర్లు పెట్టేటప్పుడు వాళ్ళమ్మ ఏ ధ్యాసలో ఉందో గానీ, ఒక పేరు పూర్తిగా తప్పింది, రెండోది మరీ ఎక్కువగా నిజమైంది.

లెంపి మా కివిలా బడి వంటింట్లో ముప్ఫై ఏళ్ళు గరిటె తిప్పింది. మారు వడ్డించమని వచ్చిన పిల్లల్ని ఎన్నడూ కాదనలేదు. కాకపోతే ఊరికే వడ్డించేది కాదు. "ఏరా, మీ ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశారా? మీ నాన్న, మీ బాబాయి మాట్లాడుకుంటున్నారా, ఇంకా మూతులు ముడుచుకునే ఉన్నారా?" అని అడిగి, జవాబొచ్చాక గరిటె వంచేది. ముద్దకో కబురు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ఆవిడకి తెలిసినట్టు ఆ ఇంటి గిన్నెలకి కూడా తెలియదు.

మిగతా ఊరు అలా కాదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్నాం, ఏడాదిలో సగం చలికాలం. మావాళ్ళు మాటల్ని కూడా కట్టెల్లాగే పొదుపుగా వాడతారు, మార్చి దాకా రావాలి కదా అని. ఇద్దరు మగాళ్ళు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పక్కపక్కన కూర్చుని చేపలు పట్టి, ఒకడు "గాలి తిరిగింది" అంటే, రెండోవాడు ఇంటికెళ్ళి "ఇవాళ వాడు మరీ వాగాడే" అని పెళ్ళాంతో చెప్పుకుంటాడు. అలాంటి ఊరు కూడా లెంపి నోటికి అలవాటు పడింది. పడనిది ఒక్క చెల్లెలే.

గొడవ సౌనా దగ్గర వచ్చింది. మావాళ్ళకి ఇంటికి కప్పు లేకపోయినా గడుస్తుంది గానీ, పెరట్లో సౌనా లేకపోతే గడవదు. పొయ్యి మీద రాళ్ళు కాల్చి, వాటి మీద నీళ్ళు చల్లి, ఆ ఆవిరిలో ఒళ్ళు ఎర్రగా ఉడికించుకుని మంచులోకి పరిగెత్తడం ప్రతి శనివారం ఉండే పని. ఎవరి సౌనా ఎంత మండితే వాళ్ళకంత పరువు. హిల్యా, ఆవిడ మొగుడు ఎస్కో ఒక వేసవంతా వేరే పని పెట్టుకోకుండా దేవదారు చెక్కతో కొత్తది కట్టుకున్నారు. మొదటి ఆవిరి అక్కకే అని లెంపిని పిలిచారు. అక్కాచెల్లెళ్ళు లోపలికి వెళ్ళారు. కాసేపటికి లెంపి ఒక్కతే బయటికొచ్చింది. తన వంతు కోసం వాకిట్లో నిలబడ్డ పాస్టరుగారి భార్య "ఎలా ఉందమ్మా?" అనడిగింది. లెంపి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "బాగుందండీ. ఉక్కపోత లేకుండా చల్లగా హాయిగా ఉంది," అంది.

వాకిలంతా గొల్లుమంది. అది చెక్క గోడ. లోపల హిల్యా ఉంది.

అంతే. ఆ రోజుతో హిల్యా నోటి నుంచి 'అక్క' అన్న మాట పోయింది. 'ఆవిడ' వచ్చింది. పక్కపక్క ఇళ్ళే, మధ్యలో నడుం ఎత్తు కంచె. చర్చిలో ఒకే బెంచీ, మధ్యలో ఎస్కో. పాపం వాడి ఉద్యోగం చెక్కల మిల్లులో గానీ, జీవితమంతా తపాలా పనే అయింది. "మీ ఆవిడకి చెప్పు, మంచు తోడి మా వైపు పొయ్యొద్దని," అని కంచె ఇవతల లెంపి. "ఆవిడకి చెప్పు, మంచుకి కళ్ళుండవని," అని అవతల హిల్యా. ఇద్దరి మధ్యా పార పట్టుకుని నిలబడ్డ ఎస్కో ఎవరికీ ఏమీ చెప్పేవాడు కాదు. ఇద్దరికీ వినబడుతూనే ఉంది కదా.

లెంపి భర్త పోయినప్పుడు హిల్యా యాలకుల రొట్టె కాల్చి తెచ్చి, గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. రొట్టె బాగుంది. మాట లేదు. "దాని ఖర్మ, నాకేం?" అని లెంపి నలుగురిలో భుజాలెగరేసేది గానీ, ఆ ఏడాది ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప ఆవిడతో పలికింది ఏదీ లేదు. చెల్లెలి మీద బెంగ పెట్టుకుంది. చచ్చినా ఆ మాట పైకి అనదు.

ఇంతలో మా ఊరికి ఆ ఆట వచ్చింది. బడి బస్సు నడిపే అర్విద్ చర్చిలో పాతసామాన్లు అమ్ముతుంటే ఒక పెట్టె కొన్నాడు. మీద డ్రాగన్ బొమ్మ ఉంటే, ముక్కలు పేర్చి బొమ్మ చేసే ఆట కాబోలనుకున్నాడు. తెరిస్తే ఒక లావుపాటి పుస్తకం, వింత పాచికలు. నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిదిది ఒకటి, ఇరవై ముఖాలది ఒకటి. తలా ఒక వేషం కట్టుకోవాలట, దొంగో, వీరుడో, మంత్రగాడో. ఒకళ్ళు మాత్రం ఆటపెద్దగా కూర్చుని మిగతా లోకమంతా తామే అవ్వాలట. వానా తామే, పూటకూళ్ళావిడా తామే, రాక్షసుడూ తామే. అర్విద్, ఎస్కో రెండు పేజీలు చదివి చేతులెత్తేసి, పుస్తకం తెచ్చి లెంపి ఒళ్ళో పడేశారు.

"ఊరందరి తరఫునా ఒక్కళ్ళే మాట్లాడాల్ట లెంపక్కా. నువ్వెలాగూ ఇన్నాళ్ళూ చేస్తున్న పనే కదా," అన్నాడు అర్విద్.

ఆట పెట్టుకున్నది అర్విద్ చేపల గుడిసెలో. సరస్సు గడ్డకట్టగానే లాక్కెళ్ళి మంచు మీద నిలబెట్టే చిన్న చెక్క గది అది. నేలలో రెండు కన్నాలు, వాటిలోంచి మంచు కిందికి రెండు గాలాలు, మూల చిన్న పొయ్యి, మధ్యలో బల్ల. ఆదివారం చర్చి అయ్యాక మధ్యాహ్నమంతా అక్కడే. చేపలకి చేపలు, ఆటకి ఆట.

పుస్తకంలో డ్రాగన్లు బోలెడున్నాయి. ఎర్రదానికి ఊళ్ళు తగలెట్టడం సరదా, నల్లదానికి బురదలో దాక్కుని మనుషుల్ని లాక్కుపోవడం సరదా. లెంపికి అవేవీ ఆనలేదు. "వీటికి తిండి తప్ప వేరే ధ్యాసే లేదు," అని పేజీలు తిప్పేసింది. తీరం డ్రాగన్ దగ్గర మాత్రం ఆగిపోయింది. కంచు రంగు ఒళ్ళు. సముద్రపు ఒడ్డున కొండచరియలో కాపురం, గుహలోకి దారి నీళ్ళ కింద నుంచి. తుఫాను వస్తే దానికి పండగ. నోరు తెరిస్తే మెరుపు. మనసు మంచిదే గానీ కుదురుగా ఉండదు. తీరంలో ఓడ కనబడితే చాలు, ఎవరు, ఎక్కణ్ణించి, ఎందుకు, అన్నీ తెలియాలి దానికి. అందుకోసం పిల్లిలాగో ముసలమ్మలాగో వేషం మార్చుకుని మనుషుల మధ్య చేరి చెవులు రిక్కించుకుని వింటుంది. అడగనివాళ్ళకి కూడా సలహాలు చెబుతుంది. అబద్ధం మాత్రం ఆడదు.

"ఇదేవిటర్రా, దీన్ని తీసుకొచ్చి బళ్ళో వంటకి పెట్టుకోవచ్చు!" అంది లెంపి మురిసిపోయి.

చిక్కేమిటంటే, లెంపి పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. ఆవిడకి తెలిసిన పెద్ద నీళ్ళు మా సరస్సే. అందుకని ఆవిడ నడిపే ఆటలో సముద్రం క్రిస్మస్‌కి ముందే గడ్డకట్టేది. ఓడలవాళ్ళు దిగి జారుడుబళ్ళ మీద వెళ్ళేవాళ్ళు. సముద్రపు దొంగలు కూడా కన్నాలు తవ్వుకుని చేపలు పట్టుకునేవాళ్ళు.

"సముద్రం అలా గట్టిపడదు లెంపక్కా. నౌకాదళంలో నాలుగేళ్ళు చేశాను, మేం తిరిగిన చోట ఎక్కడా చూళ్ళేదు. ఉప్పునీళ్ళు కదా," అన్నాడు అర్విద్.

"నీ సముద్రంలో ఉప్పెక్కువైతే నన్నేం చెయ్యమంటావు? నా సముద్రానికి సరిపడా వేశాను."

అలా ఆ డ్రాగన్ మా ఊరి డ్రాగనైంది. పేరు ముమ్ము, అంటే మా భాషలో అవ్వ. చలికాలమంతా మంచు కింద వెల్లకిలా పడుకుని, ఏదో ఒక గాలం కన్నానికి కన్ను ఆనించి పైవాళ్ళ మాటలు వింటుంది. ఎర తిని, ఊరికే పోకుండా మర్యాదకి ఒక పాత చెప్పు కట్టి పోతుంది. పట్టిన చేప కంటే మూరెడు ఎక్కువ చెప్పేవాళ్ళంటే దానికి పడదు, వాళ్ళ గుడిసె కింద దగ్గుతుంది. దాని గుహలో బంగారం కుప్పలేం లేవు. దాని తీరం దాటాలంటే సుంకం కట్టాలి, అది కూడా కబుర్లలో. అంతకుముందు తనకి తెలియని కొత్త కబురు ఒక్కటి చెప్పందే ఎంత వీరుణ్ణయినా కదలనివ్వదు. కావాలంటే ఊళ్ళో కబురునే ఆటలో మాటగా చెప్పొచ్చు. "పక్క రాజ్యంలో గురువుగారికి పళ్ళసెట్టు వచ్చింది, ప్రసంగం మధ్యలో ఊడిపోతోంది," అని ఎస్కో చెబితే దారి వదిలేది.

ముమ్ము ఎప్పుడు వస్తుందన్నదానికి పాచిక వెయ్యడం లేదు. పెద్ద చలికి సరస్సు మంచు లోపల్లోపల బిగుసుకుని ఒక్కోసారి ధడేల్మని పలుకుతుంది. గుడిసె అదురుతుంది, బల్ల మీద గ్లాసులు గలగలమంటాయి. అలా పలికిందంటే ముమ్ము అటు నుంచి ఇటు ఒత్తిగిలినట్టు, ఆ క్షణాన ఆటలో ఎవరేం చేస్తున్నా డ్రాగన్ ఎదురుగా ఉన్నట్టు. ఇది పుస్తకంలో లేదు. లెంపి పెట్టిందే.

రెండో చలికాలంలో ఎస్కో ఇంటి కప్పు మీద మంచు తోడుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆదివారం వచ్చేసరికి మంచం మీద నుంచి హిల్యాని బతిమాలాడు.

"ఆటలో నా వేషం, ఆ మరుగుజ్జు, గుహలో ఒక్కడే ఉండిపోయాడే. చేతిలో కాగడా కూడా లేదు. ఒక్కసారి వెళ్ళి, నేను రావడం లేదు, వాణ్ణి బయటికి తెచ్చెయ్యమని చెప్పి రావే."

హిల్యా ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతుంది. కత్తెరా పదునే, మనిషీ పదునే. మొగుడి గోల పడలేక మంచు మీద నడిచి వెళ్ళింది. గుడిసె తలుపు తీసి, అక్క వైపు చూడకుండా అర్విద్‌తో, "ఆవిడకి చెప్పు, ఎస్కో రావడం లేదని," అంది. అనీ అనగానే కాళ్ళ కింద మంచు ధడేల్మని పలికింది.

"ముమ్ము వచ్చింది," అంది లెంపి. ఆ వెంటనే గొంతు బొంగురు చేసింది. "ఎవరే నువ్వు, నా గుహ గుమ్మంలో నిలబడ్డావు?"

"ఆవిడకి చెప్పు అర్విద్, నేను..."

"ఈ బల్ల దగ్గర 'ఆవిడకి చెప్పు'లు చెల్లవు. నోరు తెరిస్తే ఆటలో తెరిచినట్టే. అడిగింది డ్రాగన్. పాపం ఆ మరుగుజ్జు చీకట్లో వణుకుతున్నాడు. ఎవరు నువ్వు?"

హిల్యా అర్విద్ కేసి చూసింది. అర్విద్ గాలం కేసి చూశాడు. వెళ్ళిపోదామనే తలుపు మీద చెయ్యి వేసింది గానీ, అంత మాట పడి ఊరుకుని పోవడం ఆ ఇంటి ఆడవాళ్ళకి చేతకాదు.

"దొంగని," అంది పళ్ళు బిగించి. "కత్తెర రాణిని. పక్కకి తప్పుకో ముసలి బల్లీ, లేకపోతే మీసాలు కత్తిరించి పారేస్తాను."

తొమ్మిదేళ్ళ తరవాత చెల్లెలు తనతో అన్న మొదటి మాట అది. లెంపికి ఎంత సంతోషమేసిందంటే, చేతిలో కాఫీ గ్లాసు జారి కన్నంలో పడిపోయినా చూసుకోలేదు.

ఎస్కో కాలు అతుక్కుంది, వాడు తిరిగి వచ్చి తన మరుగుజ్జుని తీసుకున్నాడు. హిల్యా మాత్రం మానలేదు. ఎవరైనా అడిగితే "ఎస్కోకి తోడుగా," అనేది. రెండు చలికాలాలు అలా గడిచాయి. గుడిసె బయట అదే కంచె, అదే ఆవిడ. గుడిసె లోపల డ్రాగన్‌కీ దొంగకీ ఊపిరాడని కబుర్లు.

"ఏమే కత్తెర రాణీ, కుంటుతున్నావు? మోకాలు మళ్ళీ పట్టేసిందా?"

"డ్రాగన్‌వి, నా మోకాలితో నీకేం పని?"

"తీరం డ్రాగన్‌ని. ఆరా తియ్యడం నా స్వభావం. కట్టు వెచ్చగా కట్టుకో."

"నీకు మాత్రం ఏం తక్కువ? చిక్కిపోయావు. గుహలో ఒక్కదానివే ఉండి వండుకోవడం మానేశావా? ఆ మరుగుజ్జు చేత చారు పంపిస్తాను, పారబొయ్యకుండా తాగు."

మర్నాడు నిజంగానే ఎస్కో గిన్నె పట్టుకుని కంచె దాటి వచ్చేవాడు. ఎవరు పంపారని లెంపి అడిగేది కాదు. చెల్లెలి ఒంట్లో ఎలా ఉంది, దుకాణం ఎలా నడుస్తోంది, రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, ఏది తెలియాలన్నా ముమ్ము ఒక్కతే దారి. ఆదివారం మధ్యాహ్నం తప్ప ఆ గొంతు లెంపి చెవిన పడేది కాదు. ముమ్ము లేకపోతే చెల్లెలు లేనట్టే. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. అయినా నోరు ఊరుకుంటుందా?

ఆ ఏడు మార్చిలో కత్తెర రాణి నానా తిప్పలూ పడి కొండ మీద ఒక ఇల్లు సంపాదించుకుంది. హిల్యా ఆ ఇంటికి కిటికీలెన్నో, పొయ్యి ఏ మూలనో అన్నీ ముచ్చటగా చెప్పింది. సరిగ్గా అప్పుడు మంచు పలికింది. ముమ్ము ముసలమ్మ వేషంలో గృహప్రవేశానికి వచ్చింది. గదులన్నీ తిరిగింది, గోడలు తట్టి చూసింది. లెంపికి నాలుక చివర ఆ మాట దురద పెట్టింది. వద్దనుకుంది. నిజంగానే వద్దనుకుంది.

"ఇల్లు బాగుందమ్మా," అంది ముమ్ము. "ఉక్కపోత లేకుండా చల్లగా హాయిగా ఉంది."

ఎస్కో మొహం పాలిపోయింది. అర్విద్ గాలం తాడు పట్టుకుని, చేప పడకపోయినా లాగడం మొదలెట్టాడు. హిల్యా తన పాచికలు ఒక్కొక్కటే ఏరి సంచీలో వేసుకుంది. చేతి తొడుగులు వేసుకుంది.

"వచ్చే ఆదివారం నిన్ను చంపుతాను," అంది డ్రాగన్‌తో. తలుపు దభీమని పడింది.

ఆ వారం లెంపికి అన్నం సయించలేదు. నెలాఖరుకి గుడిసెలన్నీ మంచు మీద నుంచి తీసెయ్యాలని చట్టం, అంటే వచ్చే ఆదివారమే ఆఖరి ఆట. ముమ్ము చచ్చిందంటే కథ ముగిసినట్టే. చెల్లెలు ఏ వేషంలోనూ మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాదు. తను పాచికలు వేసేది ఎరల డబ్బా మూత చాటున. అటూ ఇటూ మార్చి చెబితే ఎవడడుగుతాడు? పేకాటలో పాస్టరుగారికే ముక్కలు మార్చిన చెయ్యి అది. కానీ అలా గెలిస్తే చచ్చేది కత్తెర రాణి. హిల్యా అప్పుడు మాత్రం వస్తుందా? ఎలా చూసినా తనే మునిగేట్టుంది.

శుక్రవారం ఎస్కో గిన్నె కోసం వస్తే పట్టుకుంది. "ఎస్కో, ముమ్ము ఎండాకాలానికి దక్షిణం వైపు వలస పోయిందంటే ఎలా ఉంటుంది?"

"బాతా వదినా, వలస పోవడానికి?"

"పోనీ ముమ్ము దానికి క్షమాపణ చెబితే?"

"ముమ్ము ఎందుకు? మనిషివి నువ్వున్నావు. కంచె దాటితే గుమ్మం. వెళ్ళి రెండు లెంపలూ వేసుకో, అయిపోతుంది."

"నేనా? నేనేమన్నానని? బాగుందనే కదా అన్నాను!"

ఎస్కో గిన్నె తీసుకుని ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మనిషి మాట్లాడకుండా ఎంత తిట్టగలడో లెంపికి ఆ రోజు తెలిసింది.

ఆదివారం వచ్చింది. ఎండ కాసింది. మంచు మీద చీలమండ లోతు నీళ్ళు. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. కొండ మీది ఇంటి ముందు వల పన్ని, కత్తి నూరుకుని కత్తెర రాణి సిద్ధంగా ఉంది. ఎస్కో మరుగుజ్జు, అర్విద్ వీరుడు వెనకాల నిలబడ్డారు. ఇక డ్రాగన్ రావడమే తరువాయి. మంచు పలకాలి.

పలకలేదు. గంట గడిచినా పలకలేదు. చలి తగ్గాక మంచు మెత్తబడుతుంది, బిగుసుకుంటే కదా పలకడానికి. లెంపికి అప్పుడు వెలిగింది. మొహం చాటంత చేసుకుని కాఫీ వొంపుకుంది.

"పలకలేదర్రా. ముమ్ముకి ఇవాళ ఒత్తిగిలే ఉద్దేశం లేనట్టుంది. పద్ధతంటే పద్ధతే. ఇక చలికాలానికే చూసుకోవాలి."

హిల్యా లేచింది. మూలనున్న గడ్డపలుగు, మంచుకి కన్నాలు పొడిచేది, రెండు చేతులతో ఎత్తి నేలలోని కన్నం అంచున శక్తికొద్దీ దించింది. మంచు ఠపేల్మని పగిలి గుడిసె ఊగింది. గ్లాసులు దొర్లాయి.

"ఓయమ్మో, మునుగుతాం!" అని అర్విద్ బల్ల ఎక్కేశాడు.

"పలికింది," అంది హిల్యా కూర్చుంటూ.

ఎస్కో నవ్వాపుకోలేక టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. పలికింది మరి, కాదనడానికి లేదు. మంచు తనంత తనే పలకాలని లెంపి ఏనాడూ చెప్పిన పాపాన పోలేదు. ముమ్ము వచ్చింది. వచ్చీ రాగానే వలలో పడింది. రెక్కలాడించబోతే మరుగుజ్జు తోక మీద కూర్చున్నాడు. మెరుపు ఊదబోతే లెంపి పాచిక డబ్బా మూత చాటున ఒకటి పడింది. ఇరవై ముఖాల పాచిక ఇంతకంటే నీచంగా పడదు. మార్చి చెబుదామనుకుంది, చెల్లెలు కళ్ళల్లోకి చూస్తోంది. ఎన్నాళ్ళకో. చెప్పలేకపోయింది.

"తుస్సుమంది," అంది నీరసంగా.

కత్తెర రాణి కత్తి డ్రాగన్ గొంతు మీద ఆనింది. హిల్యా చేతిలో పాచిక ఉంది. వెయ్యలేదు.

"చంపేముందు ఒక మాట. అర్విద్, తీరం డ్రాగన్ అబద్ధమాడదు కదా?"

"ఆడదు," అన్నాడు అర్విద్ బల్ల దిగుతూ. "పుస్తకంలోనే ఉంది."

"అయితే ముమ్మూ, చెప్పు. పదకొండేళ్ళ కిందట ఒక శనివారం ఇద్దరు ఆడవాళ్ళు కొత్త సౌనాలోకి వెళ్ళారు. అందులో పెద్దది ముందు బయటికి పారిపోయింది. లోపల చల్లగా ఉందా?"

లెంపి దొర్లిన గ్లాసు ఏరుకుంది. "డ్రాగన్లకి చలేమిటి, వేడేమిటి..."

"పోయినేడు నా మోకాలికి వెచ్చగా కట్టు కట్టమన్నది ఏ డ్రాగనూ?"

"ముమ్ము ఆ రోజు ఆ గదిలో లేదు కదా."

"ఊళ్ళో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో తెలిసిన డ్రాగన్‌కి ఆ గదిలో ఏం ఉడికిందో తెలీదా?"

అనొచ్చు, చల్లగానే ఉందని. ఆటపెద్ద తను. కానీ రెండు చలికాలాల్లో ముమ్ము ఒక్క అబద్ధం ఆడలేదు. చెల్లెలు మోకాలి నొప్పి దగ్గర్నుంచి దిగుళ్ళ దాకా దాని ముందు విప్పుకుందంటే ఆ నమ్మకంతోనే. లెంపి డబ్బా మూత అటు తిప్పింది, ఇటు తిప్పింది. గాలం కన్నంలోకి తొంగిచూసింది. అక్కడ నిజంగా ఏదైనా డ్రాగనుంటే బాగుండుననిపించింది.

"చల్లగా లేదు," అంది ముమ్ము. బొంగురు గొంతు సరిగా రాలేదు.

"మరి?"

"ఆ పెద్దావిడకి చెవులు మండిపోయాయి. కళ్ళు బైర్లు కమ్మాయి. చెల్లెలు పక్కన చీకూచింతా లేకుండా కూర్చుని రాళ్ళ మీద ఇంకో చెంబు పోసింది. ఇంకొక్క చెంబు పోసుంటే నేను అక్కడే పడిపోయేదాన్ని. చిన్నదానికంటే ముందే లేచొచ్చానని బయట అందరూ నవ్వుతారనీ..."

అక్కడికి వచ్చాక ఆవిడకి వినబడింది, తనేమందో. ముమ్ము కాస్తా నేను అయిపోయింది. బల్ల దగ్గర అన్నది అన్నట్టే. వెనక్కి తీసుకోవడం కుదరదు. అర్విద్ గుడిసె కప్పు కేసి, అక్కడేదో రాసున్నట్టు చూడసాగాడు. ఎస్కో టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు.

హిల్యా తల పంకించి, చేతిలో పాచిక బల్ల మీద దొర్లించింది. ఇరవై పడింది.

"చచ్చింది," అంది.

లెంపి అదిరిపడింది. "ఇదేం అన్యాయమే! నిజం చెప్పాను కదా! చెప్పాక కూడా ఎందుకు చంపావే?"

బొంగురు గొంతు కాదు. ముమ్ము లేదు, చచ్చింది కదా. లెంపే అరిచింది, నేరుగా చెల్లెలి మొహం మీద. అరిచి, బిక్కచచ్చిపోయి కూర్చుంది. ఇక చెల్లెలు ఎస్కో వైపు తిరిగి 'ఆవిడకి చెప్పు' అంటుంది, అంతటితో సరి. జన్మలో ఇక గొంతు వినబడదు. లెంపి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొయ్యి పొగ అని చెప్పుకుందామంటే పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది.

హిల్యా తొడుగులు వేసుకుంది. కండువా చుట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఎస్కో వైపు తిరగలేదు.

"మన మధ్య ఇంకా ఆ డ్రాగనెందుకు?" అంది. "శనివారం నాలుగింటికి పొయ్యి వెలిగిస్తాను. రా, అక్కా. వచ్చి కింది బల్ల మీద కూర్చో."

సౌనాలో పై బల్ల పెద్దవాళ్ళది. కింది బల్ల మీద వేడి అంతగా తగలదు. అక్కడ కూర్చోబెట్టేది చంటిపిల్లల్ని, గుండెజబ్బు ముసలివాళ్ళని.

ఎస్కో టోపీ తీసి చూశాడు. అంత మాట పడి లెంపి కంగాస్ ఊరుకుంటుందని మా ఊళ్ళో పుట్టినవాడెవడూ అనుకోడు.

"కింది బల్లేనా?" అంది లెంపి.

"కింది బల్లే."

లెంపి స్వెట్టరు చేతితో ముక్కు తుడుచుకుంది.

"సరే," అంది.